మా ఆడపడుచు బండికి నేను చేసిన వైద్యం

ఆదివారం, సాయంత్రం నాలుగు

ఇవాళ ఒక నిర్ణయం తీసుకున్నాను. చేతులు కడుక్కుని, దేవుడి ముందు నిలబడి మరీ తీసుకున్నాను కాబట్టి దీనికి తిరుగులేదు.

జరిగింది రాస్తాను. మా ఆడపడుచు పొద్దున్నే శిక్షణ కోసం ఊరెళ్ళింది. నీళ్ళను పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం తనది. మళ్ళీ శనివారం సాయంత్రం వస్తుంది. వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి ఒక్క మాట చెప్పింది.

"వదినా, ఇల్లంతా నీది. ఆ బండి ఒక్కటే నాది. తుడవొద్దు, జరపొద్దు, దాని మీద తడిబట్టలు ఆరేయొద్దు."

బండంటే సైకిలు. కొండలెక్కే సైకిలు. లావు టైర్లు, వెడల్పు హ్యాండిలు. వరండాలో గోడకు ఆనుకుని ఉంటుంది. తుడవలేదు. బట్టలు ఆరేయలేదు. వరండా కడుగుతూ ఒక్క జానెడు జరిపాను. అంతే, అలిగినట్టు పక్కకు వాలి మెట్టు మీద పడింది. ముందు బ్రేకు లివరు బయటికి వంగిపోయింది. ట్రాఫిక్ పోలీసు చెయ్యి చాచినట్టుంది.

తను పోయినేడాది కొండ దిగుతూ పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ చదును రోడ్డు మీదే తొక్కుతోంది. వచ్చే ఆదివారం తన సైకిలు జట్టుతో మళ్ళీ మొదటిసారి కొండ దిగబోతోంది. అందరికీ మాటిచ్చేసింది. కొండ దిగేటప్పుడు ముందు బ్రేకే ప్రాణమట. తనే ఓసారి చెప్పింది.

అందుకని శనివారంలోపు ఆ బ్రేకు బాగవ్వాలి. నేనే బాగుచేస్తాను. పాతికేళ్ళుగా కుట్టుమిషను నడుపుతున్నాను. దాని ఒంట్లో నేను విప్పని స్క్రూ లేదు. ఇదేపాటి?

నియమాలు: ఎవరికీ చెప్పకూడదు. అబద్ధం ఆడకూడదు. కోపం తెచ్చుకోకూడదు.

మావారికి కూడా చెప్పను. మంచి మనిషే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

సాయంత్రం ఆరున్నర

బండి మీద పాత దుప్పటి కప్పాను. దుమ్ము పడకుండా. ఇది అబద్ధం కాదు, దుమ్ము నిజంగానే ఉంది.

కరెంటు పోయింది. మావారు పంపుహౌసు డ్యూటీ దిగి చీకట్లో వచ్చారు. వరండాలో దడేలుమని చప్పుడు.

"ఏమైందండీ?"

"ఏం లేదోయ్. గోడ అడ్డొచ్చింది."

ఆ గోడ ఇల్లు కట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది.

సోమవారం, పొద్దున పది

సందు చివర సైకిలు షాపుకు వెళ్ళాను. ఆ షాపాయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఏ పని చెప్పినా "రేపు రండి" అంటాడని రేపాయన అంటారు. అలా పిలిస్తేనే పలుకుతాడు.

"ఒకావిడ బండికి బ్రేకు లివరు వంగిందండీ," అన్నాను.

"ఎవరమ్మా ఆవిడ?"

"తెలిసినావిడే."

"తీగ బ్రేకా, నూనె బ్రేకా?"

తెల్లమొహం వేశాను. ఓపిగ్గా చెప్పాడు. మామూలు సైకిళ్ళకు లివరు నొక్కితే తీగ లాగుతుంది. వీటికి తీగ ఉండదు. సన్నటి గొట్టం నిండా నూనె ఉంటుంది. ఇక్కడ లివరు నొక్కితే ఆ నూనె వెళ్ళి అక్కడ చక్రం దగ్గర రెండు ప్యాడ్లను తోస్తుంది. చక్రం మధ్యలో ఇనప పళ్ళెంలాంటిది ఒకటి తిరుగుతుంటుంది, దాన్ని డిస్కు అంటారు. ప్యాడ్లు రెండూ దాన్ని అటూ ఇటూ గట్టిగా పట్టుకుంటాయి. బండి ఆగుతుంది.

"వంగినదాన్ని మళ్ళీ తిన్నగా వంచొద్దని చెప్పండి ఆవిడకి. అది మెత్తటి లోహం. తిరిగి వంచారంటే చిట్లుతుంది. లివరు మార్చడమొక్కటే దారి."

"మరి లివరు ఉందా?"

"తెప్పించాలి. రేపు రండి."

ఆవిడకి చెప్పమన్నాడు కదా. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి చెప్పాను. ఆవిడ వినలేదు.

మధ్యాహ్నం రెండు

కావలసినవన్నీ వరండాలో పరుచుకున్నాను. మిషను స్క్రూడ్రైవరు, పట్టకారు, పాత తువ్వాలు, గిన్నెడు వేడినీళ్ళు, మిషను నూనె డబ్బా.

లివరుకు తువ్వాలు చుట్టి, వేడినీళ్ళతో కాపడం పెట్టి, దండం పెట్టుకుని, పట్టకారుతో కొంచెం కొంచెంగా వంచాను. మనిషి చెయ్యి బెణికితే ఎంత నెమ్మదిగా పడతామో అంత నెమ్మదిగా. సగం వరకూ దారికొచ్చింది. నిదానమే ప్రధానం. మిగతా సగం రేపు.

రేపాయన గాలి నాకూ సోకినట్టుంది.

మంగళవారం, పొద్దున ఆరు

దీన్నేమనాలో తెలియడం లేదు.

మావారు ఐదున్నరకే డ్యూటీకి వెళ్ళారు. వెళ్ళేముందు వరండాలో కాసేపు ఏదో గీకుతున్న చప్పుడు వినబడింది. పిల్లేమో అనుకుని ప్రార్థన ఆపలేదు. లేచి వెళ్ళి దుప్పటి తీస్తే లివరు పూర్తి తిన్నగా ఉంది. నేను సగంలో వదిలిన లివరు.

అక్కడే మెట్టు మీద కూర్చుని మళ్ళీ ఒకసారి దండం పెట్టుకున్నాను. మనం సగం చేస్తే మిగతా సగం ఆయనే చేస్తాడని మా అమ్మ అనేది. లివర్ల విషయంలో కూడా అని అనుకోలేదు.

పదకొండు

పనిచేస్తుందో లేదోనని నొక్కి చూశాను. కొస ఊడి చేతిలోకొచ్చింది.

పరవాలేదు. కొసే కదా. రెండు వేళ్ళు పట్టేంత మిగిలింది. విరిగినచోట పదునుగా ఉందని, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఒకటి తొడిగాను. అతికినట్టు సరిపోయింది. పైన నల్లదారం ఒత్తుగా చుట్టాను. కంపెనీ వాళ్ళు కూడా ఇంత అందంగా చేసి ఉండరు.

కానీ నొక్కుతుంటే మెత్తగా ఉంది, మగ్గిన అరటిపండు నొక్కినట్టు. మిషను మొరాయిస్తే మొదటి మందు ఏమిటి? నూనె. లివరు మొదట్లో నూనె గది ఉంది, దాని మీద చిన్న స్క్రూ. విప్పాను. లోపల నూనె కాస్త అడుగుకి ఉన్నట్టు అనిపించింది. మిషను నూనె బొట్టు బొట్టుగా నిండా పోసి బిగించాను.

సాయంత్రం ఏడు

భోజనాల దగ్గర మావారి అరచెయ్యి ఎర్రగా కంది ఉంది.

"చేతికేమైందండీ?"

"పంపుహౌసులో వాల్వు బిగుసుకుంది. అది సరేగానీ, చెల్లెలు ఎప్పుడొస్తానంది?"

"శనివారం."

"శనివారమే కదా," అన్నారు. తర్వాత ఇద్దరం చాలాసేపు కంచంలోకి చూసుకుంటూ తిన్నాం.

బుధవారం, పొద్దున ఆరున్నర

నిన్న బిగించిన స్క్రూ ఇవాళ వదులుగా ఉంది. నూనె సగానికి సగం దిగిపోయింది. కింద నేల మీద ఎవరో తుడిచినట్టు మరక.

తాగేసి ఉంటుంది. ఎన్నాళ్ళ దాహమో. మళ్ళీ నిండా పోశాను.

సాయంత్రం ఏడున్నర

మావారి చొక్కా జేబు మీద నూనె మరక. సబ్బు పెట్టి రుద్దుతుంటే ఆయన వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏమోయ్, గొట్టంలో గాలి చేరితే ఏమవుతుందో తెలుసా?"

"ఏ గొట్టమండీ?"

"ఏ గొట్టమైనా. మాటవరసకి. గాలి ఉన్నచోట నీళ్ళకి బలం ఉండదు. పైన స్క్రూ వదులు చేసి ముందు గాలిని వదిలెయ్యాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది ఇదొక్కటే."

"గాలిదేముందండీ, వస్తుంది పోతుంది. ఏ మిషనుకైనా నూనె ముఖ్యం."

"నూనె కాదే. గాలి."

"మీరు గాలి గాలి అంటే గాలి మేడలు కట్టినట్టే. నూనె లేనిదే ఏదీ కదలదు."

"కదలడం సంగతి కాదు నేను చెప్పేది, ఆగడం సంగతి."

"ఏం ఆగడం?"

"ఏం లేదు. మాటవరసకి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో గాలి గురించి మేము ఎప్పుడూ ఇంత సేపు వాదించుకోలేదు. అన్నం చల్లారిపోయింది.

గురువారం, పొద్దున ఆరున్నర

మళ్ళీ నూనె తగ్గింది. పైగా స్క్రూ చుట్టూ తెల్ల టేపు చుట్టి ఉంది. కుళాయిలకు నీళ్ళు కారకుండా చుడతారే, అది.

ఈ ఇంట్లో ఆ టేపు వాడేది ఒక్కరే. కాసేపు అలా నిలబడి ఆలోచించాను. బ్రేకు సంగతి మావారికి తెలిసిందే అనుకుందాం. ఆయనకు తెలిస్తే ఈపాటికి వీధంతా తెలిసేది. వీధికి తెలియలేదు. కాబట్టి ఆయనకూ తెలియదు. నేనే ఎప్పుడో చుట్టి మరిచిపోయి ఉంటాను. యాభై దాటితే మతిమరుపు సహజం.

టేపు తీసేసి నూనె పోశాను.

మధ్యాహ్నం పన్నెండు

ఊరికే పైపైన చూస్తే లాభం లేదని ముందు చక్రం విప్పాను. ప్యాడ్లు చూద్దామని. చక్రం పక్కన పెట్టి, ఎలా కదులుతాయో చూద్దామని లివరు నొక్కాను. చక్కగా కదిలాయి. రెండూ దగ్గరకొచ్చి ముద్దు పెట్టుకున్నట్టు అతుక్కుపోయాయి.

ఒంటిగంట

ఇంకా అతుక్కునే ఉన్నాయి. మధ్యలో డిస్కు దూరాలి కదా. దారం కూడా దూరడం లేదు. అంటే చక్రం బండికెక్కదు.

రెండున్నర

వెన్నరాసే కత్తి మొన పెట్టి విడదీశాను. కత్తి వంగింది. అది తిన్నగా చేయను. లోహాల జోలికి పోను.

చక్రం ఎక్కింది. తిప్పితే కీచుమంటోంది. కీచుమంటే ఏం చేయాలి? తలుపు కీచుమంటే ఏం చేస్తాం? డిస్కుకు రెండు వైపులా నూనె పూసి, బట్టతో అద్దంలా మెరిపించాను. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఈ మాట రాస్తుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత సుళువైన సంగతి ఆ రేపాయనకు ఎందుకు తట్టలేదో.

నాలుగు

సందు కాస్త వాలుగా ఉంటుంది. బండిని నడిపించుకుంటూ కిందికి వెళ్ళి బ్రేకు నొక్కి చూద్దామనుకున్నాను. నడక మొదలయ్యింది. నొక్కాను. బండి నడుస్తూనే ఉంది. గట్టిగా నొక్కాను. బండి పరుగందుకుంది. వదిలితే పడిపోతుంది, పట్టుకుంటే నన్ను ఈడ్చుకుపోతోంది. దేవుణ్ణి పేరుపేరునా పిలిచాను. చివరికి మలుపులో చెత్తడబ్బా ఆపింది.

చెత్తడబ్బా మీద కూర్చుని బండితో ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను. అలాంటి మాట నాకు వచ్చునని కూడా నాకు తెలియదు. అరుగు మీద కూర్చున్న ముసలాయన వినలేదని ఆశ పడ్డాను. విన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మూడో నియమం పోయింది. మిగతా రెండూ ఉన్నాయి. మూడింట రెండు తక్కువేం కాదు.

శుక్రవారం, పొద్దున పదిన్నర

రేపాయన దగ్గరికి వెళ్ళాను. డిస్కుకు నూనె రాస్తే ఏమవుతుందండీ అని మెల్లగా అడిగాను. ఆయన చేతిలో ఉన్న పానా కింద పెట్టేశాడు.

"ఎవరు రాశారు?"

"ఆవిడే."

"అమ్మా, ఆ డిస్కుని పట్టుకునే బ్రేకు బండిని ఆపుతుంది. దానికి నూనె రాయడమంటే మెట్ల మీద సబ్బు రాయడమే. ఇక ఆ ప్యాడ్లు పనికిరావు, పారేయాలి. లోపల ఏం నూనె పోశారు?"

"కుట్టుమిషనుది."

చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, దానికి వేరే నూనె ఉంటుందని, తప్పు నూనె పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయని చెప్పాడు.

"ఆ లివరుతో కొండ దిగితే?"

"దిగడానికి ఏ అడ్డూ ఉండదు. ఆగడానికే దారి ఉండదు. ఇంతకీ ఎవరమ్మా ఈ మహాతల్లి?"

"మా పిన్ని కూతురు," అన్నాను.

నాకు పిన్ని లేదు. రెండో నియమం కూడా పోయింది.

"ఆవిణ్ణి బండి జోలికి పోవద్దని చెప్పండి. ఊళ్ళో అందరికీ ఏం పుట్టిందో ఏమో. నిన్న ఒకాయన వచ్చి, తెలిసినాయన బండిలో ఎంత గాలి తీసినా నూనె అలాగే ఊరుతోంది, ఎందుకని అడిగాడు."

పాపం ఎవరో. బ్రేకులతో అవస్థ పడేవాళ్ళు ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే కాదని కాస్త ఊరట కలిగింది.

కొత్త లివరు, ప్యాడ్లు తెప్పించమని చెప్పాను. ఎప్పుడొస్తాయో అడగలేదు. ఏమంటాడో తెలుసు.

సాయంత్రం ఐదు

తను ఫోన్ చేసింది.

"వదినా, బండి ఎలా ఉంది?"

"దేవుడి దయవల్ల నిలబడే ఉందమ్మా."

"అక్కడ వానలేమైనా పడుతున్నాయా?"

"లేదు. ఆకాశం అద్దంలా ఉంది."

"ఓహో," అంది. ఫోన్ పెట్టేసింది.

అప్పుడు తట్టింది నాకు అసలు సంగతి. ఎల్లుండి పొద్దున చీకటితోనే లేచి, నిద్రపోతున్న మమ్మల్ని లేపడం ఎందుకని బండి తీసుకుని వెళ్ళిపోతుంది. పైకెక్కేటప్పుడు బ్రేకుతో పనుండదు. కొండ మీద నిలబడి కిందికి వాలినప్పుడు లివరు నొక్కుతుంది. దారం చుట్టిన ఇత్తడి టోపీని నొక్కుతుంది.

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయాలి. చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. ఏమని మొదలుపెట్టాలి? ఒక్క జానెడు జరిపానమ్మా అనా? ఆ జానెడు ఇప్పుడు ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఐదున్నర

ముందు చక్రం విప్పి, కుట్టడానికొచ్చిన బట్టల మూటలో దాచాను. చక్రం లేని బండి కొండెక్కదు. ఎక్కని మనిషి పడదు. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. ఈ తెలివి మొదటి రోజే ఉంటే ఎంత బాగుండేది.

శనివారం, పొద్దున ఏడు

ఇవాళ దుప్పటి ఎత్తి చూసే ధైర్యం లేదు. దుప్పటి కింద బండి నిన్నటికంటే కుంగినట్టు కనిపించింది. పాపం, నా పాపం మోస్తోంది కదా.

రాత్రి ఎనిమిదిన్నర

తను ఏడింటికి వచ్చింది. సంచి భుజాన ఉండగానే తిన్నగా వరండాలోకి వెళ్ళింది. నేను మావారి వెనక దాక్కున్నాను. మావారు నా వెనక దాక్కున్నారు. ఒకేసారి అదెలా కుదిరిందో తెలియదు.

దుప్పటి లాగింది. బండికి ముందు చక్రం లేదు. వెనక చక్రం కూడా లేదు.

"వదినా, ముందు చక్రమేది?"

"బట్టల మూటలో ఉందమ్మా. నేనే పెట్టాను."

"మరి వెనకది?"

"దాని సంగతి నాకు తెలియదు. ఒట్టు."

మావారు దగ్గారు. "నీళ్ళ ట్యాంకు వెనకాల ఉంది. పొద్దున చీకట్లో నేనే పెట్టాను. ముందుది లేదని చూసుకోలేదు."

"నువ్వెందుకు పెట్టావన్నయ్యా?"

"ఆ బ్రేకుతో నువ్వు వెళ్తే ఏమవుతుందోనని. ఆదివారం చీకట్లో వచ్చి నీ బండిని గుద్దేశానే. దుప్పటి తీసి చూస్తే లివరు వంగి ఉంది. చెబితే తిడతావని..."

"గుద్దినందుకు వంగలేదండీ," అన్నాను. "మీరు రాకముందే నేను పడేశాను."

మావారు నావైపు తిరిగారు. వారం రోజులుగా కొలిమిలో ఉన్న మనిషి, ఎవరో బయటికి లాగితే చూసినట్టు చూశారు.

"నువ్వా?"

"నేనే. సోమవారం సగం తిన్నగా చేశాను. మిగతా సగం..."

"నేను. పంపు పానాతో."

"దేవుడనుకున్నానండీ."

"నాకంత పేరు ఎప్పుడూ రాలేదు. మరి ఆ నూనె?"

"నేనే పోశాను. రోజూ."

"నేను రోజూ గాలి కోసం స్క్రూ తీస్తుంటే నూనె ఇంకా ఇంకా ఎక్కడినుంచి ఊరుతోందిరా బాబూ అని మతిపోయింది నాకు. షాపుకెళ్ళి మరీ అడిగాను."

"ఆ తెలిసినాయన మీరేనా?"

"ఆ తెలిసినావిడ నువ్వేనా? నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్తే రేపాయన చెప్పాడు, ఎవరో మహాతల్లి డిస్కుకి నూనె రాసిందట."

తను ఇవేవీ వింటున్నట్టు లేదు. వంగి లివరు పట్టుకుని చూస్తోంది. నల్లదారం వేలితో నిమిరింది.

"ఇదేంటి?"

"నా కుట్టు టోపీ."

"కంపెనీదనుకున్నాను," అన్నారు మావారు. "పనితనం బాగుందే అని కూడా అనుకున్నా."

తను మెట్టు మీద కూలబడింది. మోకాళ్ళలో తల పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పోయినేడాది విరిగిన భుజం కూడా. నాకు ప్రాణం పోయింది. దగ్గరికెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తప్పయిపోయిందమ్మా. ఒక్క జానెడే జరిపాను. ఏడవకు."

తలెత్తింది. నవ్వుతోంది. నవ్వి నవ్వి, మధ్యలో ఎక్కడో నిజంగానే ఏడుపులోకి వెళ్ళింది. ముక్కు తుడుచుకుని మెల్లగా చెప్పింది.

"వదినా, వారం రోజులుగా దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను. ఈ ఆదివారం ఏదో ఒకటి అడ్డం పడాలని. వాన రావాలని. లేకపోతే బండికేమైనా అవ్వాలని. కొండ మీంచి కిందికి చూడటం తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి. ఈ వయసులో భయమని జట్టు వాళ్ళతో ఎలా చెప్పను? నేను అడిగింది ఒక్క పంక్చరు వదినా. ఇంత అడగలేదు."

నా పవిట కొంగుతో తన ముఖం తుడిచాను.

"అయితే మేము చేసింది దైవకార్యమన్నమాట," అన్నారు మావారు.

"మీరు ఊరుకోండి," అన్నాం ఇద్దరం.

తర్వాత తను జట్టు వాళ్ళకి ఫోన్ చేసింది. బ్రేకు పాడైంది, రేపు రాలేను అని చెప్పింది. గొంతులో ఎంత విచారమో. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ముఖంలో ఎంత నిశ్చింతో చూశాను.

ఎవరికీ చెప్పకూడదన్న నియమం కూడా ఇవాళ్టితో సరి. మూడూ పోయాయి. బ్రేకూ పోయింది. వారం కిందటికంటే ఒళ్ళు తేలిగ్గా ఉంది.

ఆదివారం, పొద్దున తొమ్మిది

ఇవాళ ఆ జట్టు మా సందులోంచే కొండకు వెళ్ళింది. ఎనిమిది మందో పది మందో, గంటలు కొట్టుకుంటూ, నవ్వుకుంటూ. వాళ్ళ చప్పుడు విని నేను కిటికీ దగ్గరికి వెళ్తుంటే, తను అప్పటికే అక్కడ తెర వెనక నిలబడి ఉంది. చివరి సైకిలు మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగాక కూడా కాసేపు ఖాళీ సందునే చూసింది.

నిన్నటి నిశ్చింత ముఖంలో లేదు.

కాఫీ ఇస్తూ అడిగాను. "నిజం చెప్పు. నీకు వెళ్ళాలని ఉందా, వద్దని ఉందా?"

"రెండూ ఉన్నాయి వదినా."

"అయితే బ్రేకు బాగవ్వాల్సిందే."

"భయమంటుంటే?"

"బ్రేకు చెడితే నీకు ఒకటే దారి, ఇంట్లో కూర్చోవడం. బ్రేకు బాగుంటే రెండు దారులు. వెళ్ళొచ్చు, మానొచ్చు. మానితే నీ ఇష్టంతో మాను, నా కుట్టు టోపీ పుణ్యమా అని మానొద్దు."

కాఫీ తాగి గ్లాసు కిందపెట్టింది. తర్వాత, "ప్యాడ్లు మార్చడం నాకు తెలుసు. నూనె ఎక్కించడం కూడా తెలుసు. పక్కన కూర్చుంటే నేర్పిస్తా," అంది.

"ముట్టుకోవచ్చా?"

"నేను చెప్పినచోట మాత్రమే."

సాయంత్రం ఆరు

రేపాయనకి ఇవాళ సెలవైనా షాపు తలుపు సగం తీసి ఉంది. ముగ్గురం కలిసి వెళ్ళాం. మావారు, నేను పక్కపక్కనే నిలబడేసరికి ఆయన మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని తేరిపార చూశాడు. తెలిసినాయన, తెలిసినావిడ అని లోపల్లోపల అనుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"లివరు ఎప్పుడొస్తుంది?" అని తను అడిగింది.

"రేపు."

"నిజం రేపా, మీ రేపా?"

"మీ ఇంటి పరిస్థితి చూశాక, నిజం రేపే," అన్నాడు.

రాత్రి ఎనిమిది

కొత్త నిర్ణయం. చేతులు కడుక్కునే తీసుకున్నాను.

వచ్చే ఆదివారంలోపు ఆ బ్రేకు బాగవుతుంది. తను చెబుతుంది, నేను చేస్తాను. మావారు గాలి అన్న మాట ఎత్తకూడదు. నూనె డబ్బా తను తన గదిలో పెట్టి తాళం వేసుకుంది, నేను ఏమీ అనలేదు. వెళ్ళడమో మానడమో తన ఇష్టం, బ్రేకు మాత్రం నా పూచీ.

ఇందాక భోజనాలయ్యాక తను ఎంత సేపు దండం పెట్టుకుందో. అంత భక్తి తనకు ఎప్పుడూ లేదు.

"ఏం అడిగావు?" అన్నాను.

"ఏం లేదు వదినా. చిన్నదే," అంది. కళ్ళు నవ్వుతున్నాయి.

పంక్చరే అయి ఉంటుంది. అడగనీ. నేనూ అడుగుతాను, బండికి చీమంత చిల్లు కూడా పడకూడదని. ఎవరిది ముందు చేరితే వాళ్ళది.

అలారం ఐదింటికి పెట్టాను. పక్క గదిలో తనూ అలారం పెడుతున్న చప్పుడు వినబడింది.

నాలుగున్నరకు మార్చాను.